బనియన్ బట్ట గౌను

ఆగస్టు 30

మా కార్ఖానా మరమగ్గాలు, అంటే మా సాంచాలన్నీ, ఈరోజు తుక్కు లారీ ఎక్కాయి. ఎక్కేటప్పుడు ఒకటి జారి కింద పడింది. నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది, పట్టుకుందామని. లారీవాడు నన్ను చూసి నవ్వాడు.

ఈ డైరీ దీపావళికి నూలు వ్యాపారి ఇచ్చాడు. ఏ సాంచా మీద ఎంత బట్ట దిగింది, ఏది మొరాయించింది అని ఏటా ఇలాంటి డైరీలో రాసేవాణ్ణి. ఇప్పుడు సాంచాలే లేవు. మంచి కాగితం దండగ చెయ్యడం ఎందుకని నా సంగతి రాసుకుంటున్నాను. చదివేవాళ్లు కూడా లేరు. నా రాత నా భార్య స్వరాజ్యానికి అర్థం కాదు, మా విజ్జికేమో తెలుగు చదవడం రాదు. సూరత్ బడిలో గుజరాతీ, హిందీ నేర్చుకుంది.

మా యజమాని శేఠ్ సూరత్ బయట కడోదరాలో కొత్త షెడ్డు వేశాడు. అందులో గుండ్రటి అల్లిక మిషన్లు పెట్టాడు. పడుగు లేదు, పేక లేదు. బనియన్ బట్ట. "నరహరిభాయ్, తుమ్ భీ ఆ జావ్, సీఖ్ లేనా. నవరాత్రి సే పహలే బోల్ దేనా" అన్నాడు, నువ్వూ వచ్చి నేర్చుకో, నవరాత్రి లోపు ఏదో ఒకటి చెప్పమని. సీఖ్ లేనా! మా తాత మగ్గం నేశాడు, మా బాపు మరమగ్గం నేశాడు, నేను ఈ ఊళ్లో సాంచా మేస్త్రీనయ్యాను. ఇప్పుడు నలభై నాలుగేళ్లొచ్చాక బనియన్లు అల్లడం నేర్చుకోవాలట.

అన్నిటికంటే అవమానం ఏమిటంటే, నా బామ్మర్ది అంబదాస్ అందులో చేరి నెల దాటింది. నేను పోతే నాకు నేర్పేది వాడే. వాడికి సాంచా మీద తెగిన దారం ముడివెయ్యడం నేర్పింది నేను.

చూద్దాం అన్నాను శేఠ్‌తో. చూసేదేమీ లేదు. పోను.

ఆగస్టు 31

ఇంట్లోనే ఉన్నాను. ఫ్యాను చప్పుడు చేస్తోందని విప్పి బాగు చేశాను. అంతకుముందు చప్పుడు చెయ్యలేదంటుంది స్వరాజ్యం.

సెప్టెంబరు 2

మొన్న వానల్లో ఖాడీ వాగు పొంగి మా గల్లీలోకి నీళ్లొచ్చినప్పుడు స్వరాజ్యం మెట్ల మీద జారి పడింది కదా, కుడి మణికట్టుకు ఇంకా పట్టీ ఉంది. వంట నాది, గిన్నెలు నావి, విజ్జి జడ కూడా నాదే. జడ పర్వాలేదు. మూడు పాయలు, అల్లడమే. స్వరాజ్యం చూసి, "ఇదైతే అల్లుతవు, బనియన్ అల్లనంటవు" అంది. వినబడనట్టు జడ కొస ముడి వేశాను.

సాయంత్రం అసలు పంచాయితీ మొదలైంది. కిందటేడు నవరాత్రి గర్బా ఆటకు విజ్జికి అద్దాల చనియాచోళీ, లంగా జాకెట్టు, కొన్నాం. ఆ జరీ, ఆ అద్దాలు ఒంటికి గీరుకుపోయి, దద్దుర్లు వచ్చి, ఒక్క చుట్టు తిరిగి ఏడుస్తూ ఇంటికొచ్చింది. మిగతా రాత్రులన్నీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎనిమిదేళ్ల పిల్ల. ఈసారి మెత్తటి బట్టతో గిర్రున తిరిగే గౌను కుట్టిస్తానని వాళ్లమ్మ మాటిచ్చింది. అమ్మ చేతికేమో పట్టీ.

"మరి ఎవలు కుడుతరు?" అంది విజ్జి.

తల్లీకూతుళ్లిద్దరూ నా వైపు చూశారు.

నేను గిన్నెలు కడగడానికి లేచాను.

సెప్టెంబరు 3

అంబదాస్ వచ్చాడు. సంచిలోంచి బట్ట తీసి మంచం మీద పరిచాడు. కనకాంబరం రంగు. విజ్జి దానికి చెంప ఆనించి కళ్లు మూసుకుంది.

"మన మిషన్ మీద పడ్డదే బావా, అద్దకం అయినంక ముక్క మిగిలితే శేఠ్ నడిగి తెచ్చిన" అన్నాడు.

"నీ మిషన్" అన్నాను.

ఒక కొస పట్టి లాగాను. సాగింది. వదిలాను. వెనక్కి పోయింది.

"ఇది బట్టనా, రబ్బరా?"

"సాగుతదని కుల్లుకోకు బావా. నువ్వు గూడ జర సాగాలె" అన్నాడు. స్వరాజ్యం ఫక్కున నవ్వింది. అక్కాతమ్ముళ్లు కలిస్తే ఈ ఇంట్లో నాకు చోటుండదు.

కుట్టేది నేను కాదు. స్వరాజ్యం నోటితో చెబుతుంది, నేను బట్ట పట్టుకుంటాను. అంతవరకే ఒప్పుకున్నాను.

సెప్టెంబరు 5

స్వరాజ్యం ఫోన్లో దింపుకున్న గౌను కొలతల పేపర్ కటింగ్‌ను జిరాక్స్ దుకాణంలో తీయించుకొచ్చాను. కాగితాల కట్ట వచ్చింది. నంబర్లు చూసి ఒకదాని పక్కన ఒకటి అంటించాలి. నేలంతా పరిచి, తలుపు వేసుకుని, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ అంటించాం. విజ్జి దాని మీద వెల్లకిలా పడుకుని, "నేను సరిపోయిన!" అంది. దాని వీపుకు ఒక కాగితం అంటుకుని వంటింటి దాకా పోయింది.

అంటించడం కూడా పట్టుకోవడం కిందికే వస్తుంది.

సెప్టెంబరు 6

రాయాలా వద్దా అనుకున్నాను. రాసేస్తాను.

స్వరాజ్యం స్నానానికి పోతూ, "అంచు వంకరున్నది. స్కేలు పెట్టి, గీత గీసి, కత్తెరతోని కొయ్యి. ఇంకేం చెయ్యకు" అంది. స్కేలు పెట్టి కోసేది దర్జీలు. నేతగాడికి స్కేలెందుకు? కొసన ఒక పేక పోగు పట్టి మెల్లగా లాగేస్తే బట్టలో ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి దారి పడుతుంది. ఆ దారి వెంబడి కోస్తే వంకర అన్నమాటే ఉండదు. మా తాత చూపించాడు, మా బాపు చూపించాడు. కండువా అయినా దుప్పటి అయినా మా ఇంట్లో ఇలాగే కోశాం.

పోగు పట్టి లాగాను. బట్ట ముడుచుకుంది. ఇంకొంచెం లాగాను. ఇంకా ముడుచుకుంది. నా ఖర్మ కాలి, గట్టిగా ఒక్క గుంజు గుంజాను.

పోగు తెగింది. తెగిన చోటి నుంచి బట్ట విడిపోవడం మొదలైంది. మెట్టు మీద మెట్టుగా, నిచ్చెన దిగినట్టు, నడిమధ్యలో కిందికి పోతూనే ఉంది. ఆపుదామని రెండు పక్కలా పట్టుకుంటే ఇంకా తొందరగా పోయింది. ఇరవై ఏళ్లలో ఎన్ని పోగులు తెగడం చూశాను! తెగిన పోగు ఎక్కడ తెగితే అక్కడే ఉంటుంది, మేస్త్రీ వచ్చి ముడి వేసేదాకా ఆగుతుంది. ఇది ఆగలేదు.

విజ్జి పక్కనే ఉంది. "బాపు, రాస్తా బన్ గయా" అంది మెల్లగా, దారి పడిందని. దాని కళ్లలో నీళ్లు నిండాయి కానీ కిందికి రానివ్వలేదు. అది ఏడ్చినా బాగుండేది.

స్వరాజ్యం తడి తలతో వచ్చి చూసింది. "పోగు గుంజినవా?" అంది.

తల ఊపాను.

"అల్లిక బట్టల పోగు గుంజినవా!" అని ఎడమ చేత్తో నెత్తి కొట్టుకుంది.

సెప్టెంబరు 7

ఎవరూ మాట్లాడటం లేదు. పప్పులో ఉప్పు ఎక్కువైంది. అది కూడా ఎవరూ అనలేదు.

సెప్టెంబరు 8

ఆ రంగు ముక్క ఇంకోటి దొరుకుతుందా అని అంబదాస్‌ను అడిగాను. తాన్లన్నీ మార్కెట్‌కు పోయాయట. వేరే రంగు తెస్తానంటే విజ్జి గోడ వైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం అంబదాస్ వచ్చి జేబులోంచి ఒక సూది తీశాడు. వేలంత పొడుగు, చివర చిన్న కొక్కెం. ఆ కొక్కేనికి ఒక నాలుక ఉంది, తలుపులాగా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. వాళ్ల మిషన్లో ఉండే సూదే. అరిగిపోతే తీసి పారేస్తారట.

"విడిపోయింది మళ్ల ఎక్కించొచ్చు బావా. జర ఓపిక గావాలె."

"నువ్వే ఎక్కించు."

"నాకు డ్యూటీ ఉన్నది. ఒక్కసారి చూపిస్త, చూడు."

కింద వదులుగా మిగిలిన ఉచ్చులోకి సూది దూర్చాడు. ఉచ్చు నాలుక వెనక్కి జారింది. పైనున్న అడ్డపోగును కొక్కేనికి తగిలించి కిందికి లాగాడు. నాలుక మూసుకుంది, పాత ఉచ్చు దాని మీంచి జారిపోయింది, అడ్డపోగు కొత్త ఉచ్చయింది. ఒక మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కించాడు. మూడోదానికి సూది నా చేతిలో పెట్టి పోయాడు.

మొదట్లో ఉచ్చు రెండుసార్లు జారింది. నాలుగైదు మెట్లు ఎక్కాక చేతికి లెక్క దొరికింది. దూర్చు, తగిలించు, లాగు. దూర్చు, తగిలించు, లాగు. విజ్జి మెల్లగా వచ్చి నా మోకాలి పక్కన కూర్చుంది. కాసేపటికి బట్ట అది పట్టుకుంది. స్వరాజ్యం మంచం మీది నుంచి లేచి దీపం స్విచ్చి వేసింది, నాకు వెలుతురు సరిపోదని.

చీకటి పడేలోపు నిచ్చెనంతా పూడింది. తిప్పి చూశాను. ఎక్కడ విడిపోయిందో చెప్పమంటే నేనే చెప్పలేను.

ఒక మాట రాసుకోవాలి. నేతలో రెండు పోగులు కావాలి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ఇందులో ఒకే పోగు. దాన్ని అదే పట్టుకుని, దాని చేతిలోంచి అదే దూరి, బట్ట అయిపోతోంది. ఎవడు కనిపెట్టాడో గానీ బుద్ధిమంతుడు. అంతకుమించి నాకు దానితో పని లేదు.

సెప్టెంబరు 9

అంబదాస్ సూది ఇక్కడే ఉండిపోయింది. రేపు ఇచ్చేయాలి.

సెప్టెంబరు 11

కోశాను. స్కేలు పెట్టి. పైభాగం రెండు ముక్కలు, చేతులు రెండు, కింద పావడాలా తిరిగే ఘేర్ పూర్తి గుండ్రం. కాగితం మీద అడ్డంగా బాణం గుర్తుంది, సాగే వైపు నడుము చుట్టూ రావాలని.

కుట్టు మొదలుపెట్టాను. స్వరాజ్యం కుట్టు మిషన్ రెండు కుట్లు వేస్తుంది, మూడోది ఎగ్గొడుతుంది. నూనె వేశాను, బెల్టు బిగించాను. మళ్లీ అంతే.

"ఈ మిషన్ పని అయిపోయింది" అన్నాను.

"ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది. ఆ మిషన్ మీదనే గల్లీల ఆడోళ్లందరి జాకెట్లు కుట్టిన. సూది మార్చు. ఈ బట్టకు మొన మొద్దుగున్న సూది పెట్టాలె. వాడి సూది పోగును పొడుస్తది, మొద్దు సూది పోగును జరుపుకొని పోతది."

మార్చాను. కుట్లు వరసగా పడ్డాయి. పొద్దున్నే చెబితే ఏం పోయేదని అడిగితే, "నువ్వు అడిగితే గదా" అంది.

అంబదాస్‌కు సూది ఇవ్వలేదు. వాడు రాలేదు మరి.

సెప్టెంబరు 13

తొడిగి చూశాం. విజ్జి చేతులు పైకెత్తి లోపలికి దూరింది. తల దగ్గర ఆగిపోయింది. "లాగు బాపు" అంది లోపలి నుంచి. లాగాను. టప్ టప్‌మని భుజం కుట్లన్నీ తెగాయి. బట్ట సాగింది, నా దారం సాగలేదు. లోపలి నుంచి కిచకిచ నవ్వు వినబడుతోంది, తల కనబడటం లేదు, రెండు చేతులు మాత్రం గాల్లో ఊగుతున్నాయి. స్వరాజ్యం నవ్వీ నవ్వీ పట్టీ ఉన్న చేత్తో మంచాన్ని కొట్టి అబ్బా అంది. నేనూ నవ్వాను. కార్ఖానా పోయాక ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వడం ఇదే మొదటిసారి.

సెప్టెంబరు 14

అన్నీ విప్పి మళ్లీ కుట్టాను. చిన్న కుట్టు, రెండు వరసలు, బట్టను ముందూ వెనకా కొద్దిగా సాగదీసి పట్టుకుంటూ. ఎక్కువ లాగితే అలలు లేస్తాయి, తక్కువ లాగితే కుట్టు తెగుతుంది. ఎంత లాగాలో ఎవరూ చెప్పలేరు. చేతికే తెలియాలి. సాంచా మీద పడుగు బిగువు కూడా ఇంతే.

పట్టుకోవడం అని ఇక రాయను. కుట్టాను.

సెప్టెంబరు 16

మొన్న ఘేర్ అంచు మడుస్తానంటే స్వరాజ్యం ఆపింది. రెండు రోజులు తగిలించి ఉంచాలట. తాడు మీద వేలాడేశాం. ఈరోజు చూస్తే ఒకవైపు జానెడు కిందికి దిగింది, ఇంకోవైపు ఎప్పటిలాగే ఉంది.

"సత్యనాశ్! మొత్తం పాడైంది" అని కేకేశాను.

"పాడు గాలే. దిగేటిది ఇప్పుడే దిగనియ్యాలె. ముందే మడిస్తే పిల్ల ఒంటి మీద దిగుతది. ఇప్పుడు సమం జేసి కొయ్యి."

కొలిచి కోసి మడిచాను. గౌను అయిపోయింది. గుండీలు లేవు, జరీ లేదు, అద్దాలు లేవు. చేతిలో పట్టుకుంటే ఏమీ బరువు లేదు.

సెప్టెంబరు 17

శేఠ్ ఫోన్ చేశాడు. నవరాత్రి దగ్గరికొచ్చింది, ఏమంటావ్ అన్నాడు. చెబుతానన్నాను.

స్వరాజ్యం విన్నది. "ఏమని చెప్తవు?"

"మన ఊరు సిరిసిల్ల పోదాం. అక్కడ సాంచాలున్నయి."

"ఆఁ, నరహరి మేస్త్రీ వస్తడని అవి ముస్తాబై కూసున్నయి. మా అన్న అక్కడ సాంచాలు బంద్ వెట్టి ఆటో తోలుతున్నడు. పిల్ల ఇక్కడ చదువుకుంటున్నది. నువ్వు పోతె పో. నేను రాను."

గొడవ పెద్దదయింది. చివరికి అడిగింది: "నీకు ఆ పని చేతగాదా, చెయ్యబుద్ధి గాదా? ఒక్కటి చెప్పు."

జవాబు ఇక్కడ చెబుతాను. భయం. పిల్లల వయసు వాళ్ల మధ్య నిలబడి, తప్పు చేసి, బామ్మర్ది చేత చెప్పించుకోవాలంటే నాకు భయంగా ఉంది. తాత, తండ్రి, పడుగు, పేక అని ఇన్నాళ్లూ అన్నదంతా దాని మీద కప్పిన దుప్పటి.

సెప్టెంబరు 18

అంబదాస్‌కు సూది ఇచ్చి రావడానికి కడోదరా పోయాను. సూది ఇవ్వడానికే.

మిషన్ నిలువెత్తు ఉంది, గుండ్రంగా. పైన చుట్టూ కండెలు, అన్నిట్లోంచి పోగులు దిగుతున్నాయి. మధ్యలో వందల సూదులు వరసలో లేస్తున్నాయి, దిగుతున్నాయి. నేను ఒక మధ్యాహ్నమంతా కష్టపడి ఎక్కించిన మెట్లు అది కన్ను మూసి తెరిచేలోపు ఎక్కిస్తోంది. కింద నుంచి బట్ట గొట్టంలాగా తిరుగుతూ దిగుతోంది. సాంచా దడదడ లేదు. పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఇరవై ఏళ్లు అరిచి అరిచి మాట్లాడినవాణ్ణి, అక్కడ కూడా అరిచాను. అందరూ తిరిగి చూశారు.

దిగుతున్న బట్టలో సన్నటి నిలువు గీత ఒకటి కనిపించింది.

"ఒక సూది నాలుక మూసుకుంటలేదు" అన్నాను.

"యాడ బావా? బట్ట మంచిగనే ఉన్నది."

"ఆపి చూడు."

ఆపి వెతికితే దొరికింది. నాలుక వంగింది. అంబదాస్ నా వైపు అదోలా చూశాడు. ఎగతాళి లేదు. "చాయ్ తాగుదాం పా" అన్నాడు.

సూది ఇవ్వడం మర్చిపోయాను.

సెప్టెంబరు 19

శేఠ్‌కు ఫోన్ చెయ్యలేదు.

సెప్టెంబరు 21

మా తెలుగు ఆడవాళ్లు ఈరోజు ఎంగిలిపూల బతుకమ్మ ఆడారు. స్వరాజ్యం ఒక చేత్తోనే పూలు పేర్చింది. శేఠ్‌కు ఫోన్ చెయ్యలేదు.

సెప్టెంబరు 22

సొసైటీ వాకిట్లో గర్బా మొదటి రోజు. విజ్జి సాయంత్రం నుంచే గౌను వేసుకుని కూర్చుంది, అన్నం మీద పడుతుందని తిననంది. చుట్టూ పిల్లలంతా అద్దాల చనియాలు, జరీ ఓణీలు. వాళ్ల మధ్య మాది ఒట్టి కనకాంబరం గౌను. చిన్నబుచ్చుకుంటుందేమోనని నా ప్రాణం కొట్టుకుంది. స్వరాజ్యం కుర్చీలో పట్టీ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నేను పక్కన నిలబడ్డాను.

డోలు మొదలైంది. విజ్జి మొదటి చుట్టు జాగ్రత్తగా నడిచింది. రెండో చుట్టులో చప్పట్లు కొట్టింది. మూడో చుట్టులో పాట ఊపందుకుంది, పిల్ల కాలి మడమ మీద గిర్రున తిరిగింది. ఘేర్ లేచింది. నడుము దాకా లేచి పళ్లెంలాగా విచ్చుకుని, పిల్ల ఆగాక కూడా ఇంకో అర చుట్టు తిరిగి మెల్లగా కాళ్ల చుట్టూ వాలింది. ఎక్కడా కుట్టు తెగలేదు, అంచు వంకర లేదు. నిచ్చెన పడిన చోటు వెతికాను, దొరకలేదు. అది గోక్కోవడం లేదు. ఏడవడం లేదు. మళ్లీ తిరిగింది, మళ్లీ తిరిగింది. ఇరవై ఏళ్లు నేసిన బట్టంతా లారీలెక్కి పోయింది, ఎవరు కట్టుకున్నారో ఎన్నడూ చూడలేదు. నా చేతి బట్ట మనిషి మీద నవ్వడం ఈరోజే చూశాను.

పాట ఆగాక పై అంతస్తు హంసాబెన్ విజ్జిని పట్టుకుని గౌను అంచు వేళ్లతో నలిపి చూసింది. "అరే వాహ్! కోణే బనావ్యుం?" అని అడిగింది, ఎవరు చేశారని.

"మారా బాపుయే!" అంది విజ్జి. అక్కడితో ఆగితే బాగుండేది. "కాపడ్ పణ్! నవా మషీన్ పర్!"

బట్ట కూడా మా బాపే తీశాడట. కొత్త మిషన్ మీద.

హంసాబెన్ నా వైపు తిరిగి, "సాచే, నరహరిభాయ్?" అంది. నిజమేనా అని. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. విజ్జి నన్నే చూస్తోంది, చెమట పట్టిన మొహంతో, వెలిగిపోతూ. నా తల దానంతట అదే అవునని ఊగింది. విజ్జి మళ్లీ వరసలోకి పరుగెత్తింది.

స్వరాజ్యం నా వైపు చూడకుండానే అంది: "ఏమయ్యా, పిల్లతోని అబద్ధం ఆడిపిస్తున్నవా?"

అక్కడే డోలు మోతలో నిలబడి శేఠ్‌కు ఫోన్ చేశాను. నవరాత్రి మొదలైపోయింది, గడువు దాటిందా అని అరిచాను. వాడూ ఎక్కడో గర్బాలోనే ఉన్నట్టున్నాడు, "కల్ ఆ జా" అని అరిచాడు, రేపే రమ్మని. తర్వాత అంబదాస్‌కు చేశాను. "బావా, నా కింద చేస్తవా?" అన్నాడు. "చేస్త. గట్టిగ మొత్తుకోకు, గంతే" అన్నాను.

స్వరాజ్యం ఎందుకు నవ్వుతోందో అడగలేదు. ఈ అక్కాతమ్ముళ్ల కోసమో, భయం పోయిందనో నేను పోవడం లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు అబద్ధం చెప్పే అలవాటు ఇప్పుడే అంటకూడదు. రేపు పొద్దున ఆరింటి బస్సుకు కడోదరా పోయి, అది చెప్పిన మాట నిజం చేసి వస్తాను.